ఆత్రేయ పాటల్లో నాటకం ఎక్కడికీ పోలేదు

ఆత్రేయ గారి గురించి ఎవరు మాట్లాడినా పాటల దగ్గర మొదలుపెట్టి పాటల దగ్గరే ఆపేస్తారు. నాకు ఇది చాలాకాలంగా బాధగా ఉంది. ఆయన సినిమాల్లోకి వచ్చేసరికే పేరున్న నాటకకర్త, ఆ నాటకాలు పక్కన పెట్టేస్తే పాటలు కూడా సగమే అర్థమవుతాయని నా నమ్మకం.

1921లో నెల్లూరు జిల్లా సూళ్లూరుపేట దగ్గర మంగళంపాడులో పుట్టారు. అసలు పేరు కిళాంబి వెంకట నరసింహాచార్యులు, గోత్రం పేరునే కలం పేరు చేసుకున్నారు. పౌరాణిక పద్యనాటకాలకి జనం ఇంకా విరగబడి వెళ్తున్న కాలంలో ఆయన స్టేజీ మీద నిలబెట్టింది చాలీచాలని జీతంతో ఇల్లు నెట్టుకొచ్చే ఒక గుమాస్తాని. అదే 'ఎన్జీవో', అంటే నాన్-గెజిటెడ్ ఆఫీసర్, చిన్న ప్రభుత్వోద్యోగి. తర్వాత 'కప్పలు', 'భయం', 'విశ్వశాంతి', ఇలా చాలా ఉన్నాయి. కాలేజీ రోజుల్లో మేము 'ఎన్జీవో' వేసినప్పుడు నాకు బాగా అర్థమైన విషయం ఒకటుంది. ఆయన రాసిన మాటని గొంతు పెంచి చెప్తే తేలిపోతుంది, ఎదుటివాడి కళ్లలోకి చూస్తూ ఇంట్లో మాట్లాడినట్టు చెప్తేనే జనం కదలకుండా కూర్చుంటారు.

1951లో 'దీక్ష' సినిమాకి పాట రాసి ఇటు వచ్చారు. దర్శకుడు కె.ఎస్. ప్రకాశరావు గారు. సరిగ్గా ఇరవై ఏళ్ల తర్వాత అదే దర్శకుడి 'ప్రేమనగర్'కి మాటలూ పాటలూ రెండూ ఆయనవే. మాటలు రాసే మనిషే పాట కూడా రాస్తే ఏమవుతుందో చూడాలంటే ఆ సినిమా చూడాలి, హీరో మాట్లాడటం ఆపి పాడటం మొదలుపెట్టాడని మనకి అనిపించదు, అదే బాధ ఇంకాస్త ముందుకి జరిగినట్టు ఉంటుంది.

'తోడికోడళ్ళు' (1957)లో 'కారులో షికారుకెళ్ళే' పాట తీసుకోండి. ఇది శ్రీశ్రీ గారి పాట అని పందెం కాసినవాళ్లు కూడా నాకు తెలుసు. నినాదాల పాట అయితే దోపిడీ, పెత్తనం అంటూ మొదలయ్యేది. ఇక్కడ మాత్రం పాడేవాడు కారులో పోతున్న ఒక అమ్మాయిని ఆపి మాట కలుపుతాడు. నువ్వుండే మేడకి ఆ చలువరాయి ఎలా వచ్చిందో చెప్పగలవా అని అడుగుతాడు. ఆమె చెప్పలేదు కాబట్టి తనే చెప్తాడు, కడుపు మాడ్చుకుని గనులు తొలిచినవాళ్ల సంగతి. తర్వాత ఆమె కట్టుకున్న చీర మీదకి వస్తాడు, అది నేసినవాళ్ల ఒంటి మీద ఉన్నది చిరుగు పాతలని చెప్తాడు. ఒకరు అడగడం, రెండోవాళ్లు తెల్లమొహం వేయడం, మళ్లీ అడగడం, ఇది పూర్తిగా స్టేజీ మీద సీను నడిపే పద్ధతి. ఆ అమ్మాయి పాటలో ఒక్క మాట కూడా అనదు, అయినా ఆమె అక్కడే ఉన్నట్టు వినేవాడికి ప్రతి చరణంలోనూ తెలుస్తూనే ఉంటుంది.

'మూగమనసులు' (1964)లో 'పాడుతా తీయగా సల్లగా' అందరికీ నోటికి వచ్చిన పాటే. 'చల్లగా' అనకుండా 'సల్లగా' అన్నారంటే అది పడవ నడిపే గోపి నోరు కాబట్టి. 'కుదుటపడతది', 'కంటది' అనే క్రియలు కూడా వాడివే. కవిగా తనకి తెలిసిన భాషంతా పక్కన పెట్టి, నిద్రపట్టని మనిషిని ఊరుకోబెట్టడానికి అలాంటి వాడి దగ్గర ఏ మాటలుంటాయో వాటితోనే అంత లోతు తెచ్చారు. పాత్ర నోట్లోకి తన తెలివిని దూర్చకుండా ఉండటం చాలా కష్టం, నాటకాలు రాసేవాళ్లని అడగండి. సంగీత దర్శకుడు 'మామ' కె.వి. మహదేవన్ గారు, ముందే రాసిచ్చిన సాహిత్యానికి బాణీ కట్టే మనిషి కావడం ఆత్రేయ గారికి పెద్ద వరం, మాట ఎక్కడ ఆగాలో మాటే చెప్పేది.

ఇక 'మరో చరిత్ర' (1978). తెలుగు అంతంత మాత్రంగా వచ్చిన తమిళ కుర్రాడు తెలుగమ్మాయితో ఎలా మాట్లాడతాడు? లిఫ్టులో వచ్చే ఆ పాట మొత్తం తెలుగు సినిమా పేర్లతోనే కట్టారు ఆత్రేయ గారు. దీన్ని చాలామంది గమ్మత్తు పాటగా చెప్తారు కానీ నాకు అది పాత్ర ఇబ్బందిలోంచి పుట్టిన పాటగానే కనిపిస్తుంది, ఆ కుర్రాడి దగ్గర ఉన్న తెలుగంతా సినిమా పోస్టర్ల మీదదే మరి.

ఆయన పాట ఇవ్వడానికి ఎంత ఆలస్యం చేసేవారో, నిర్మాతలకి ఎంత టెన్షనో అందరూ కథలు కథలుగా చెప్తారు, వాటి జోలికి నేను పోను. నాకు ఎక్కువ నచ్చేది 1961 నాటి 'వాగ్దానం' సంగతి. దర్శకుడు ఆత్రేయే. తన సినిమా, తను పాటల రచయిత, అయినా 'నా కంటిపాపలో' పాట దాశరథి గారిది, ఘంటసాల గారు పాడిన ఆ సీతాకల్యాణం హరికథ శ్రీశ్రీ గారిది. ఏ సీనుకి ఎవరి గొంతు కావాలో చూసుకున్నారు, అందులో తన పేరు వెనక్కి పోయినా పట్టించుకోలేదు. నాటక సమాజంలో పెరిగినవాళ్లకి ఈ అలవాటు ఉంటుందని నేను అనుకుంటాను, ప్రదర్శన బాగుండాలి, అంతే.

1989 సెప్టెంబరులో ఆయన పోయాక నటుడు జగ్గయ్య గారు పూనుకుని ఆయన రచనలన్నీ సంపుటాలుగా వేయించారు. స్నేహితుడి కోసం అంత పని చేసినందుకు ఆయనకి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. ఏ లైబ్రరీలోనైనా దొరికితే ముందు పాటల సంపుటం తీయకండి, నాటకాలది తీయండి. ఇంకో మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెరో పాత్రా పంచుకుని పైకి చదవండి, తర్వాత 'కారులో షికారుకెళ్ళే' ఇంకోసారి వినండి.