కూలర్ ట్యూబుల్లో గుర్రపు డెక్కలు

మాది ఉద్దానం. మా వైపు నుంచి గల్ఫ్‌కి వచ్చేవాళ్లలో వెల్డర్లూ ఫిట్టర్లూ ఎక్కువ, నేనూ అలాగే షార్జాలో ఓడలు బాగుచేసే యార్డులో పైప్ ఫిట్టర్‌గా చేరాను. మొదటి ఎండాకాలమే ఒక ఓడ కూలర్ విప్పించారు. ఇంజిన్ వేడిని సముద్రపు నీళ్లతో లాగేసే పెద్ద డ్రమ్ములాంటిది, లోపల వందల కొద్దీ రాగి మిశ్రమం ట్యూబులు. లీకు. ఉప్పు తినేసిందనుకున్నాను, సముద్రం ఒడ్డున పుట్టినవాణ్ణి, తుప్పు గురించి నాకొకరు చెప్పాలా!

మా ఫోర్‌మన్ మలయాళీ. ఒక ట్యూబుని నిలువునా కోసి చూపించాడు. లోపలంతా గోధుమరంగు పొర, అక్కడక్కడా పచ్చగా చిలుము. ఒకచోట గవ్వముక్క ఇరుక్కుని ఉంది, దాని వెనకే వరసగా గుంటలు, అడుగున లోహం తోమిన చెంబులా మెరుస్తోంది. "చూడు భాయ్, గుర్రం నీళ్లకి ఎదురు నడిచినట్టు లేదూ?" అన్నాడు హిందీలో. అచ్చం డెక్కల అచ్చులే.

రాగిని కాపాడేది ఆ గోధుమరంగు ఆక్సైడ్ పొరేనట. నీళ్లలోని క్లోరైడ్ దాన్ని కొద్దికొద్దిగా కరిగిస్తున్నా మళ్లీ కట్టుకుంటుంది. మా అమ్మ చింతపండూ ఉప్పూ వేసి చెంబుకి వదలగొట్టేదీ ఇలాంటి పొరనే, ఇంట్లో అది పోవాలి, ఓడలో ఉండాలి. గవ్వ అడ్డుపడి నీళ్లు సుడి తిరిగినచోట పొర ఊడిపోతుంది, మళ్లీ కట్టుకునే టైము ఉండదు. నీళ్ల వేగం సెకనుకి దాదాపు ఒక మీటరు దాటితే ఉత్త రాగి తట్టుకోలేదు. తొంభైపాళ్ల రాగికి పదిపాళ్లు నికెల్ కలిపిన 90-10 ట్యూబు సుమారు 3 మీటర్ల దాకా ఓర్చుకుంటుంది. మా ట్యూబులు అవే, అయినా గవ్వ దగ్గర ఓడిపోయాయి.

ట్యూబులన్నీ మార్చి టెస్టు చేసి ఇచ్చాం. తర్వాత ఓడ ఏదో బాకీ గొడవలో కదల్లేదు, టెస్టుకి పట్టిన సముద్రపు నీళ్లు లోపలే ఉండిపోయాయి. రెండు నెలలకి మూత తీస్తే కుళ్లిన గుడ్ల కంపు, కొత్త ట్యూబులు నల్లగా, కొన్నింటికి అప్పుడే చిల్లులు. నిలవ నీళ్లలో పాచీ పురుగూ కుళ్లితే సల్ఫైడ్ పుడుతుంది, మంచి పొర ఇంకా కట్టుకోని కొత్త ట్యూబుకి అది మరీ చేటు. నీళ్లు వంచేసి మంచినీళ్లతో కడిగి ఆరబెడితే అయిపోయేది. ఆ మాట చెప్పే హోదా మాకు లేదు, తిట్లు మాత్రం మాకే, ట్యూబులు సరిగా బిగించలేదని ఓటీ (ఓవర్‌టైమ్) డబ్బులు కూడా ఆపేశారు.

ఫోర్‌మన్ నల్లబడ్డ ట్యూబొకటి కోసి, ఆ కంపుతోనే తీసుకెళ్లి ఏసీ ఆఫీసులో టేబుల్ మీద పెట్టాడు. మా ఓటీ ఆ నెలాఖరుకి పడింది.