సెకోయా చెట్ల కింద

"నాన్నా, చివర కనిపించట్లేదు" అంటూ చిన్నది మెడ వెనక్కి వాల్చి అలాగే నిలబడిపోయింది, కాలిఫోర్నియాలోని సెకోయా నేషనల్ పార్కులో జనరల్ షెర్మన్ అనే సెకోయా చెట్టు ముందు. ఎత్తు 83 మీటర్ల పైనే, వయసు రెండు వేల ఏళ్ల పైమాటే.

చెట్టంతా ఫొటోలో పట్టాలని మా ఆవిడ వెనక్కి నడుస్తూనే ఉంది. పట్టింది సరే, అందులో మేమెక్కడున్నామో వెతుక్కోవాలి!

నాకు మాత్రం బెరడు తెగ నచ్చింది. దారి పక్కన పడిపోయిన మరో సెకోయాని వేలితో నొక్కి చూశా, స్పాంజిలా ఉంది. కొన్నిచోట్ల అరమీటరు మందం ఉంటుందట. మంటల్ని తట్టుకునేది దానివల్లే. పైగా నిప్పు సెగ తగిలితేనే కాయలు బాగా విచ్చుకుని గింజలు రాలుస్తాయి. అలాంటిది 2021 కార్చిచ్చప్పుడు షెర్మన్ మొదలుకి కూడా రేకు చుట్టాల్సి వచ్చింది. అంతటి చెట్టుకి!

తిరుగు దారంతా ఎక్కుడే. దాదాపు ఏడు వేల అడుగుల ఎత్తు, అందరికీ ఆయాసం. "దిగేటప్పుడు ఇన్ని మెట్లు లేవు" అని అత్తయ్య ఒకటే గొడవ.