యూ చెక్కతో నిలువెత్తు విల్లు

యూ (yew) అనే చెట్టు దుంగను నిలువునా చీల్చి చూస్తే రెండు రంగులు కనబడతాయి. బెరడు కింద మీగడ రంగు తెల్ల చెక్క, దాని లోపల నారింజ ఎరుపు చేవ. సాగదీస్తే ఓర్చుకునేది తెల్ల చెక్క, నొక్కితే ఓర్చుకునేది చేవ. విల్లు వంగినప్పుడు గురివైపు ముఖం సాగుతుంది, విలుకాడి వైపు ముఖం నలుగుతుంది. మొదటిది వింటి వీపు, రెండోది పొట్ట. వీపుకు కావలసినదీ పొట్టకు కావలసినదీ ఒకే కర్రలో, జిగురు అక్కర్లేకుండా దొరుకుతున్నాయి. 1991లో ఆల్ప్స్ మంచులో బయటపడిన 5,000 ఏళ్ల నాటి ఓట్జీ మనిషి పక్కనున్న, ఇంకా చెక్కడం పూర్తికాని విల్లు కూడా యూ చెక్కే. 1545లో మునిగిన ఇంగ్లండ్ యుద్ధనౌక మేరీ రోజ్ నుంచి చెక్కుచెదరని పొడవాటి విళ్లు 137 బయటికి తీశారు.

ముందు ఒక హెచ్చరిక. యూ విషవృక్షం. ఎర్రటి పండు గుజ్జు తప్ప ఆకు, గింజ, బెరడు అన్నిట్లోనూ విషముంది. పొడి పీల్చడం మంచిది కాదు. చిత్రిక పట్టినా, ఆకురాయి వేసినా మాస్కు ఉండాల్సిందే. పేళ్లను పశువులకు అందేచోట పారేయకండి, వంట పొయ్యిలో పెట్టకండి.

మన దేశంలో హిమాలయాల్లో పెరిగే యూ జాతి ప్రమాదంలో ఉంది, దాని జోలికి పోవద్దు. బ్రిటన్‌లో ఉన్నవాళ్లకు కలప వ్యాపారుల దగ్గర ఐరోపా యూ దొరుకుతుంది. అమెరికా పడమటి తీరాన, ఒరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల్లో ఉన్న తెలుగువాళ్లకు పసిఫిక్ యూ దగ్గరే. దానితోనూ చక్కటి విల్లు వస్తుంది. ప్రభుత్వ అడవిలోదైతే అనుమతి లేకుండా నరకకూడదు.

కొండల్లో, చలిలో నెమ్మదిగా పెరిగిన చెట్టు వలయాలు వెంట్రుకల్లా దగ్గర దగ్గరగా ఉంటాయి, ముడులు తక్కువ. ఇంగ్లండ్‌లో పెరిగే యూకు ముడులు, వంకరలు ఎక్కువ. సరుకుతో వచ్చే ఓడలు ఒక్కో టన్ను లెక్కకు నాలుగు వింటికర్రలు తేవాలని 1472లో అక్కడ చట్టమే చేశారు. మీరు ఎంచుకునే దుంగ 6 అంగుళాల మందం, ఆరున్నర అడుగుల పొడవు ఉంటే చాలు. బెరడు మీద గీతలు తాడులా మెలితిరిగి కనబడితే వదిలేయండి. లోపలి నార కూడా అలాగే మెలితిరిగి ఉంటుంది.

చలికాలంలో కొట్టిన చెట్టు మేలు. కొట్టిన రోజే రెండు కొసలకూ మైనమో, చెక్క జిగురో దట్టంగా పూయాలి. లేకపోతే తేమంతా కొసల నుంచే పోయి నెర్రెలిస్తుంది. రంపంతో కోయకుండా చీలిక మేకులు (వెడ్జ్‌లు), సుత్తితో చీల్చండి, అప్పుడే నార ఎటు పోతోందో తెలుస్తుంది. చీల్చిన కర్రను నీడలో, గాలి ఆడేచోట రెండు మూడేళ్లు ఉంచడం పాత పద్ధతి. విల్లుకు కాస్త లావుగా ముందే చెక్కేసి పెడితే ఏడాదిలోపే ఆరుతుంది. వారానికోసారి తూకం వేసి రాసుకోండి, నెలరోజులు బరువు మారకపోతే ఆరినట్టే. తేమ 9 నుంచి 12 శాతం మధ్య ఉండాలి. పచ్చిగా ఉండగా వంచితే విల్లు విరగదు కానీ వంగినట్టే ఉండిపోతుంది, బాణానికి జోరు ఉండదు.

ఇక చెక్కుడు. పని వీపు నుంచి మొదలవుతుంది. బెరడు తీసి, తెల్ల చెక్కను రెండు చేతుల కత్తితో 6 మిల్లీమీటర్ల మందానికి దించాలి. అది అన్నిచోట్లా ఒకే మందంలో, వలయాన్ని అనుసరిస్తూ పోవాలి. కర్ర అలలా ఎగుడుదిగుడుగా ఉంటే వీపూ అలాగే ఉండనివ్వండి. చదును చేయాలని చూస్తే నార తెగుతుంది, తెగినచోట పేడు లేస్తుంది. వలయాలు మరీ సన్నగా ఉన్న యూలో ఒకటి రెండు తెగినా పరవాలేదు, కానీ అడ్డంగా మెట్టులా తెగకూడదు. ముడి వచ్చినచోట చుట్టూ చిన్న దిబ్బలా కాస్త చెక్క మిగల్చాలి. నల్లగా వదులైన ముడిని తవ్వేసి, అదే జాతి చెక్కతో బిరడా వేసి అతికించాలి.

తాడును 28 అంగుళాల దాకా లాగే వింటికి కొప్పు (కొసన తాడు తగిలించే చోటు) నుంచి కొప్పుకు 72 అంగుళాలు. ఈ చివర నుంచి ఆ చివరకు దారం బిగించి నడిమి గీత వేయండి. 45 పౌండ్ల వింటికి, అంటే పూర్తిగా లాగడానికి అంత బలం పట్టేదానికి, పిడి దగ్గర వెడల్పు 32 మిల్లీమీటర్లు, మందం 30, కొసల దగ్గర రెండూ 13. మొదట్లో అన్నిచోట్లా 3 మిల్లీమీటర్లు ఎక్కువే ఉంచండి. వీపు దాదాపు చదును, పొట్ట గుండ్రం.

అసలు పరీక్ష వంపు దిద్దడంలో ఉంది. వెడల్పు సగం చేస్తే బిగువు సగమే తగ్గుతుంది. మందం అలా కాదు, దాని ఘనంతో పాటు మారుతుంది. 25 మిల్లీమీటర్ల చోట ఒక్క మిల్లీమీటరు గీకితే అక్కడ బిగువు 11 శాతానికి పైగా పడిపోతుంది. అందుకే ఈ దశలో చిత్రిక పక్కనపెట్టి గీకుడు రేకు పట్టుకోవాలి. గీకేది పొట్టవైపే, వీపును ముట్టుకోవద్దు.

ముందు ఒక కొసను నేలకు ఆనించి, పిడి మీద బరువేసి చూడండి. పిడికి ఇరువైపులా ఉన్న రెండు రెక్కలూ కాస్త కదలడం మొదలయ్యాక వదులు తాడు కట్టి, గోడకు బిగించిన కొయ్య మీద పిడిని పెట్టి, కప్పీతో కిందికి లాగండి. దూరంగా నిలబడి చూడాలి. ఎక్కడ బిర్రుగా ఉందో అక్కడ పెన్సిల్ గీత పెట్టి అక్కడే గీకండి. ఎక్కువ వంగుతున్న చోటును మాత్రం అసలు తాకకండి. గీకిన ప్రతిసారీ 30 సార్లు మెల్లగా లాగి వదలాలి, అప్పుడుగానీ చెక్క మార్పు చూపించదు. అనుకున్న పౌండ్లు ఎంత పొడవు దగ్గర వస్తే అక్కడే ఆపండి, ఆపై గీకి మళ్లీ లాగండి. 45 పౌండ్ల వింటిని ఒక్కసారి 60 దాకా లాగినా అది వంగిపోయి మళ్లీ పూర్తిగా నిటారు కాదు.

ఒకేచోట మడతపడి వంగితే పొట్ట మీద అడ్డంగా సన్నటి ముడతలు వస్తాయి. అవి చేవ నార నలిగిన గుర్తులు, వాటిని గీకితే ఇంకా లోతవుతాయి. మిగతా రెక్కంతా పలచన చేసి, తక్కువ పౌండ్లకు దిగడమే దారి. మొదటి వింటికి 60 పౌండ్లు అని పంతం పట్టవద్దని చెప్పేది ఇందుకే. కింది రెక్కను పైదానికన్నా కొంచెం బిర్రుగా ఉంచండి. తాడు కట్టాక పిడి పక్కన తాడుకూ పొట్టకూ మధ్య దూరం కొలిస్తే పైన 4, 5 మిల్లీమీటర్లు ఎక్కువ రావాలి.

కొప్పులకు గేదె కొమ్ము బాగా నప్పుతుంది. పర్లాకిమిడి కొమ్ము బొమ్మలు చూసినవాళ్లకు అది ఎంత నునుపు తేలుతుందో తెలుసు. కొమ్ములో శంకువు ఆకారంలో రంధ్రం తొలిచి, వింటి కొసను అదే ఆకారానికి చెక్కి, ఎపాక్సీతో అతికించాలి. సందు మిగిలితే జిగురు మోయదు. కొస మీద సుద్ద రాసి తొడిగి చూస్తే ఎక్కడ తగులుతోందో కనబడుతుంది. తాడు పాతకాలంలో హెంప్ (గంజాయి జాతి మొక్క) నార, అవిసె నార. ఇప్పుడు డాక్రాన్ అనే పాలియెస్టర్ దారం 14 పోగులు పేని కడితే చాలు. కట్టాక పిడి మీద పిడికిలి పెట్టి బొటనవేలు నిలబెడితే తాడుకు తగలాలి.

ఒక వంద బాణాలు వేశాక రెండు మూడు పౌండ్లు తగ్గుతుంది, వంపు మళ్లీ ఒకసారి చూడండి. ఆ తర్వాతే సన్న గరుకు కాగితం, అవిసె నూనె నాలుగు పూతలు, పైన తేనెమైనం. బాణం లేకుండా తాడు లాగి వదలకూడదు. పని అయిపోగానే తాడు విప్పండి. విప్పిన వింటిని గోడకు ఆనించి నిలబెట్టకుండా, రెండు మేకుల మీద అడ్డంగా పడుకోబెట్టండి.