పాలెగాడి తల, పిల్లవాడి బూతు

మా ఇంట్లో "ఛీ" అన్నా మా అవ్వ ఊరుకునేది కాదు. అన్నం ముందు కూర్చుని పెద్దవాళ్ళెవరినైనా "వాడు" అంటే చాలు, "ఆయన అనలేవా?" అంటూ నెత్తిన ఒక మొట్టికాయ పడేది. అలాంటి మనిషి ఏడాదికి ఒక్క వారం, మే నెల ఎండల్లో, తన చేత్తోనే నా ముఖానికి బొగ్గు పూసి, వేపమండ చేతికిచ్చి, "గంగమ్మ గుడి దాకా తిట్టుకుంటా పో" అని పంపేది. ఏం తిట్టాలో చెప్పేది కాదు. ఆ వయసులో నాకు వచ్చినవి నాలుగైదే, వాటినే మార్చి మార్చి తిట్టేవాణ్ణి. తోవలో పెద్దవాళ్ళు నవ్వేవాళ్ళు. ఒకాయనైతే నా పేదరికం చూసి ఇంకో రెండు నేర్పించాడు.

తిరుపతిలో పుట్టినవాళ్ళకు ఇది వింతేమీ కాదు. తాతయ్యగుంట గంగమ్మ జాతర మంగళవారం రాత్రి చాటింపుతో మొదలవుతుంది. చాటింపు పడ్డాక ఊరివాళ్ళు పొలిమేర దాటి రాత్రి బయట పడుకోకూడదంటారు. మర్నాటి నుంచి రోజుకొకటిగా బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, సున్నపు కుండలు. ఆ పై మంగళవారం జాతర. ఆ రోజు మీసాలున్న మగవాళ్ళు చీర కట్టి, జడ వేసి, పూలు తురుముకుని, గాజులేసుకుని వస్తారు. వేషం కట్టినవాళ్ళు బూతులు తిట్టడం ఆచారం. తిట్టించుకునే తల్లి ఎవరు? కొండమీద వెంకన్నకు చెల్లెలు. జాతరకు అన్నగారి దగ్గర నుంచి సారె వస్తుంది. పైన సుప్రభాతం, కింద బూతులు. ఒకే ఊరు, ఒకే కుటుంబం.

మొన్న సైకాలజీ చదువుతున్న మా మేనకోడలు అడిగింది: "మామా, మర్యాద, ఆచారం, నాగరికత అంటూ మనిషి తనకు పుట్టుకతో వచ్చినవన్నీ లోపల నొక్కేసుకుంటున్నాడు కదా. రోడ్లు, బళ్ళు, ఆస్పత్రులు వచ్చాయి, నిజమే. దానికి చెల్లించిన ధర ఎక్కువైపోలేదా?" నేను వెంటనే ఏదో చెప్పబోయి ఆగాను. ఎందుకంటే ఇదే ప్రశ్నను భగవద్గీతలో కృష్ణుడే వేశాడు, అదీ మనం ఊహించని వైపు నుంచి.

సదృశం చేష్టతే స్వస్యాః ప్రకృతేర్జ్ఞానవానపి
ప్రకృతిం యాంతి భూతాని నిగ్రహః కిం కరిష్యతి

కర్మయోగంలో ముప్పై మూడో శ్లోకం. జ్ఞానం ఉన్నవాడు కూడా తన స్వభావం ఎలా ఉందో అలాగే నడుస్తాడు. ప్రాణులన్నీ తమ ప్రకృతి వెంటే పోతాయి. బలవంతాన నొక్కిపట్టి ఏం సాధిస్తావు? మొదటిసారి చదివినప్పుడు పుస్తకం తిప్పి అట్ట చూసుకున్నాను, ఇది గీతేనా అని. ఇంద్రియ నిగ్రహం అన్న మాట వినీ వినీ పెరిగిన చెవులకు "నిగ్రహః కిం కరిష్యతి" అన్న నాలుగో పాదం అంత తేలిగ్గా ఎక్కదు.

శంకరాచార్యులకూ ఇక్కడ అనుమానం వచ్చింది. అందరూ ప్రకృతి ప్రకారమే నడిచేటట్టయితే ఇక మనిషి ప్రయత్నానికి చోటెక్కడ, శాస్త్రం ఎందుకు అని తన భాష్యంలో తానే అడిగి, జవాబు తర్వాతి శ్లోకంలో ఉందన్నారు. ఆ శ్లోకం చెప్పేదేమిటంటే, ప్రతి ఇంద్రియానికీ దాని విషయం మీద రాగద్వేషాలు కాపురముంటాయి, వాటి వశంలోకి పోవద్దు, అవి 'పరిపంథులు' అని. పరిపంథి అంటే దారికాచే దొంగ. ఈ మాట దగ్గర నేను చాలాసేపు ఆగుతాను. దారిలో దొంగలున్నారని ప్రయాణం మానుకోమనలేదు. కాళ్ళు విరగ్గొట్టుకోమనలేదు. దొంగ చేతికి చిక్కకుండా నడవమన్నాడు, అంతే.

నొక్కిపడితే ఏమవుతుందో చూడాలంటే సౌభరి కథ ఉంది. పోతన భాగవతం తొమ్మిదో స్కంధంలో వస్తుంది. సౌభరి యమున నీళ్ళలో మునిగి తపస్సు చేస్తున్న ముని. ఊరు వద్దు, మనుషులు వద్దు, ఆఖరికి నేల కూడా వద్దనుకున్నాడు. నీళ్ళలో ఒక చేప తన జంటతో కులుకుతూ కనిపించింది. అంతే. తపస్సు చాలించి గట్టెక్కి, తిన్నగా మాంధాత దగ్గరికి వెళ్ళి "నీ కూతుళ్ళలో ఒకరినియ్యి" అన్నాడు. రాజుకు యాభై మంది ఆడపిల్లలు. తల నెరిసి, ఒళ్ళు ముడతలు పడి, మెడ వణుకుతున్న ఆ పెళ్ళికొడుకును చూసి రాజు తెలివిగా "పిల్ల ఇష్టపడితే తీసుకుపో" అన్నాడు. ముని ఊరుకుంటాడా? తపోబలంతో అందగాడైపోయాడు. యాభై మందీ "నావాడు" అంటే "నావాడు" అని కొట్టుకున్నారు. అందరినీ చేసుకున్నాడు. ఒక్క కోరికను ఏళ్ళ తరబడి నీళ్ళకింద దాచిపెడితే అది యాభై ఇంతలై పైకి తేలింది. చివరికి ఆయనే కూర్చుని, ఒక చేప వల్ల నా తపస్సంతా ఏమైపోయిందో చూడండని వాపోయాడు. చేప తప్పేముంది పాపం.

అలాగని వదిలేస్తే తీరుతుందా అంటే దానికి యయాతి ఉన్నాడు. కొడుకు వయసు అప్పు తీసుకుని మరీ అనుభవించి, నెయ్యి పోస్తే నిప్పు ఆరదు, ఇంకా లేస్తుంది అని తేల్చుకున్నవాడు. ఆ కథ అందరికీ తెలిసిందే, నేను సాగదీయను. నా మనసంతా గంగమ్మ దగ్గరే ఉంది.

జాతర కథ తెలియనివాళ్ళకు: తిరుపతిని ఒకప్పుడు ఒక పాలెగాడు ఏలేవాడట. ఊళ్ళో ఏ పిల్లకు పెళ్ళయినా మొదటి రాత్రి తన దగ్గరికి రావాలని శాసనం పెట్టాడు. తిరుపతి పక్కనున్న అవిలాలలో దొరికిన పసిబిడ్డగా కైకాల వాళ్ళ ఇంట పెరిగిన గంగమ్మ మీద కూడా చెయ్యి వేయబోయాడు. ఆమె అసలు రూపం చూపేసరికి పారిపోయి దాక్కున్నాడు. అతణ్ణి వెతకడానికి రోజుకో వేషం వేసింది. వాణ్ణి బయటికి లాగడానికే ఆ తిట్లని ఒక కథ. చివరికి దొర వేషంలో వస్తే, ఎవరో పెద్ద దొర వచ్చాడని కలవడానికి బయటికొచ్చాడు. తల నరికింది. మర్నాడు మాతంగి వేషంలో పోయి వాడి పెళ్ళాన్ని ఓదార్చింది. ఈ ఓదార్పు భాగం ఎంతమంది గమనిస్తారో గానీ, మా అవ్వ ఏటా అక్కడే కళ్ళు తుడుచుకునేది.

ఇప్పుడు మేనకోడలి ప్రశ్నను ఈ కథ పక్కన పెట్టి చూడండి. పాలెగాడు కోరికలు అణచుకోని మనిషి. అతని ఒక్కడి స్వేచ్ఛ కోసం ఊరు ఊరంతా నోరు నొక్కుకుంది. అమ్మవారు చేసింది దాన్ని తలకిందులు చేయడమే. కత్తి పాలెగాడి మెడ మీద పెట్టింది, నోరు మాత్రం ఊరికి తిరిగి ఇచ్చింది. లాభమా నష్టమా అని లెక్క వేసేముందు, అణచుకోమని ఎవరు ఎవరికి చెబుతున్నారో చూడమంటుంది ఈ జాతర. మన చరిత్రలో ఈ లెక్క చాలాసార్లు తప్పింది. వితంతువులు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చని 1856లోనే చట్టం వచ్చినా, తెలుగునాట మొదటి వితంతు వివాహం 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో వీరేశలింగం గారు జరిపించేదాకా పాతికేళ్ళు పట్టింది. ఆ పాతికేళ్ళూ అరవై ఏళ్ళ మగవాడు మూడో పెళ్ళికి పిల్లను వెతుక్కుంటుంటే, పదేళ్ళ పిల్ల తల గొరిగించుకుని నిగ్రహం నేర్చుకుంది. దానికి ఆచారం అని పేరు పెట్టుకున్నాం.

ఎవరు అన్నది తేలాక, ఏది అన్న ప్రశ్న మిగిలింది. దానికి సూటి జవాబు వైద్యగ్రంథంలో దొరికింది నాకు. చరక సంహిత సూత్రస్థానం ఏడో అధ్యాయం మొదలవడమే "న వేగాన్ ధారయేత్" అని, అంటే వేగాలను, లోపలి నుంచి తోసుకొచ్చేవాటిని, ఆపవద్దు అని. పదమూడు చెబుతాడు చరకుడు: మూత్రం, మలం, శుక్రం, అపానవాయువు, వాంతి, తుమ్ము, తేన్పు, ఆవలింత, ఆకలి, దాహం, కన్నీరు, నిద్ర, శ్రమపడ్డాక వచ్చే ఆయాసం. ఒక్కొక్కటి ఆపితే ఏ జబ్బు వస్తుందో కూడా ఉంది. కన్నీళ్ళు ఆపుకుంటే జలుబు, కంటి జబ్బు, గుండె జబ్బు, అన్నం సహించకపోవడం, తల తిరగడం. దానికి ఆయన వాడిన మాట 'బాష్పనిగ్రహణం'. కృష్ణుడు అన్న ఆ నిగ్రహమే. మందేమిటంటే నిద్ర, కాస్త మద్యం, ఇష్టమైన కబుర్లు. (మద్యం సంగతి మా ఇంట్లో చదివి వినిపించలేదు.)

అదే అధ్యాయంలో, కొన్ని శ్లోకాల తర్వాత, తప్పకుండా ఆపాల్సిన వేగాలు వస్తాయి. లోభం, శోకం, భయం, కోపం, గర్వం, సిగ్గులేనితనం, ఈర్ష్య, మితిమీరిన మోహం, పరుల సొత్తు మీద ఆశ. మాటల్లో పరుషమైనవి, అతిగా వాగేవి, చాడీలు, అబద్ధాలు, వేళ కాని వేళ అనేవి. ఒంటితో చేసేవాటిలో పరులను పీడించే ప్రతిదీ. శోకాన్ని పట్టుకోమన్నాడు గానీ కన్నీటిని ఆపమనలేదు, చూడండి ఎంత నాజూకైన గీత! వేళ కాని మాట ఆపమన్నాడు కాబట్టి, వేళ చూసి తిట్టే మా జాతర తిట్లకు మినహాయింపు దొరుకుతుందని నా సొంత వాదన. పరుషం సంగతేమిటని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

ఈ రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టుకుని నా చుట్టూ చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. బడిలో మంచి బాత్రూమ్ లేదని పొద్దున్నించి సాయంత్రం దాకా నీళ్ళు తాగకుండా కూర్చునే ఆడపిల్లలున్నారు. తండ్రి పోయినా "మగాడివి, ఏడవకు" అని భుజం తట్టించుకునే కొడుకులున్నారు. నైట్ షిఫ్ట్‌లో కళ్ళు మూతలు పడుతుంటే కాఫీ పోసి నిద్రను తరిమేవాళ్ళున్నారు. ఆపకూడని పదమూడింటినీ ఇంత శ్రద్ధగా ఆపుతున్న మనం, సిగ్నల్ దగ్గర హారన్ కొట్టినవాడి మీద కోపాన్ని ఒక్క క్షణం ఆపం. పక్కింటి కారు మీద ఈర్ష్యను ఆపం. ఫోన్లో చాడీలను అసలే ఆపం. అమ్మాయికి నేను చివరికి చెప్పింది ఇదే: నాగరికత ధర ఎక్కువైందనడం కాదమ్మా, బిల్లు తప్పు మనిషికి, తప్పు వస్తువుకి వేస్తున్నాం. తను ఒప్పుకోలేదు. "కామం ఏ జాబితాలో, మామా?" అంది. రెండింటిలోనూ ఉంది. శుక్రవేగం ఆపవద్దన్నవాడే పరపీడ అయిన భోగాన్ని ఆపమన్నాడు. "ధర్మానికి విరుద్ధం కాని కామాన్ని నేనే" అని భగవద్గీత ఏడో అధ్యాయంలో కృష్ణుడు అన్నదీ చరకుడు గీసిన ఈ గీత పక్కనే. దాన్ని ఎవరికి వారు రోజూ గీసుకోవాల్సిందే.

జాతరను నేను మరీ గొప్ప చేస్తున్నానని మీకనిపిస్తే, అదీ నిజమే కావచ్చు. వేషం కట్టాం కదా అని తాగొచ్చి, జనంలో ఆడవాళ్ళ మీద పడేవాళ్ళను నా కళ్ళతో చూశాను. చీర కట్టినంత మాత్రాన వాడు గంగమ్మ కాదు. పాలెగాడే దొర వేషం, ఆడ వేషం అన్నీ నేర్చుకుని తిరిగొచ్చినట్టు ఉంటుంది. అమ్మవారికి ఏటా మళ్ళీ అదే పని ఎందుకు పడుతుందో అప్పుడు అర్థమైంది.

జాతర రాత్రి తెల్లవారుతుండగా గుడి ముందు మట్టితో అమ్మవారి విశ్వరూపం నిలబెడతారు. పేరంటాలు వేషంలో వచ్చినవాళ్ళు ఆ మట్టి చెంప నరుకుతారు. ఆ మట్టి కోసం జనం ఎగబడతారు, చిటికెడు దొరికినా జబ్బులు పోతాయని. మా అవ్వ ఆ తొక్కిసలాటలోకి నన్ను పోనిచ్చేది కాదు, తనే పోయి కొంగున ముడేసుకుని వచ్చేది. ఇంటికొచ్చి నా నాలుక మీద కాస్త రాసి, బావి దగ్గర నిలబెట్టి, సీకాయతో ముఖం మీది బొగ్గంతా తోమి కడిగేది. చెవుల వెనక నలుపు మటుకు రెండు రోజులు ఉండేది.

"అయిపోయింది జాతర. ఇంక నోరు జాగ్రత్త" అనేది.

ఒక ఏడు ఆ మధ్యాహ్నమే, అన్నం ముందు, ఆ పెద్దాయన నేర్పిన రెండింటిలో ఒకటి అలవాటు కొద్దీ జారింది. మా తాత తినడం ఆపి పైకప్పు కేసి చూశాడు. మొట్టికాయ పడింది. చెయ్యి మటుకు తడిగా ఉంది, సీకాయ వాసన వచ్చింది.