ముజిరిస్ పక్కన ఒక గుడి బొమ్మ: నా హిస్టరీ ఆప్షనల్ ప్రిపరేషన్

సివిల్స్‌కి హిస్టరీ ఆప్షనల్ తీసుకున్నవాళ్లకు పేపర్-1లో మొదటి ప్రశ్న సంగతి తెలుసు. మ్యాప్‌లో 20 చోట్లు గుర్తుపట్టాలి, ఒక్కోదాని మీద 30 మాటల్లో రాయాలి. చోటుకు రెండున్నర మార్కుల చొప్పున మొత్తం 50. మొదటి అటెంప్ట్ అప్పుడు ఇదంతా బట్టీ పట్టేస్తే సరిపోతుందనుకున్నాను. ముజిరిస్ గురించి నా నోట్స్‌లో ఉన్నది ఇంతే: "కేరళ తీరంలోని ప్రాచీన రేవు. రోమ్‌తో మిరియాల వ్యాపారం." టెస్ట్ సిరీస్‌లో అదే రాశాను. పేపర్ దిద్దిన సార్ పక్కన ఎర్ర పెన్నుతో ఒక్క మాట పెట్టారు: "ఆధారం?"

నాది తెలుగు మీడియం. ఆ ఒక్క మాట నన్ను చాలా బాధపెట్టింది, ఎందుకంటే నా దగ్గర నిజంగానే జవాబు లేదు. అది వెతుక్కుంటూ వెళ్లినవాణ్ని, రోమన్ చక్రవర్తిని దేవుడిగా కొలిచిన గుడుల దగ్గర తేలాను.

టాబులా ప్యూటింగేరియానా అని ఒక రోమన్ దారుల పటం ఉంది. మనకు మిగిలింది మధ్యయుగంలో తోలు మీద తీసిన నకలు. వియన్నాలో ఆస్ట్రియా జాతీయ గ్రంథాలయంలో ఉంది. ఎత్తు అడుగు పైచిలుకే, పొడవు మాత్రం ఆరున్నర మీటర్లు దాటుతుంది. కుడివైపు చిట్టచివర మన దేశం కనిపిస్తుంది. అక్కడ ముజిరిస్ అన్న పేరు, ఒక సరస్సు, ఆ పక్కనే చిన్న గుడి బొమ్మ. దాని దగ్గర "టెంప్లమ్ ఆగస్టి" అని రాసి ఉంటుంది. అంటే రోమ్ మొదటి చక్రవర్తి అగస్టస్ గుడి. కేరళ తీరంలో రోమ్ చక్రవర్తికి గుడి! ఆ బొమ్మను ఫోన్‌లో జూమ్ చేసి ఎంతసేపు చూశానో నాకే తెలియదు.

మనిషికి, అదీ పాలకుడికి గుడి ఎందుకు కట్టారు? ఇది అర్థం కాకపోతే ఆ బొమ్మ కూడా బట్టీ పట్టిన ఇంకో ముక్కే అవుతుంది. జూలియస్ సీజర్‌ను చంపిన తర్వాత, క్రీ.పూ. 42లో రోమ్ పెద్దల సభ అయిన సెనేట్ ఆయన్ను దేవుడిగా ప్రకటించింది. దాంతో దత్తపుత్రుడైన అగస్టస్ దేవుడి కొడుకయ్యాడు. తూర్పున గ్రీకు నగరాలకు రాజులను పూజించడం అంతకుముందే అలవాటు. వాళ్లే ముందుకొచ్చి గుడి కడతామని అడిగారు. క్రీ.పూ. 29లో పెర్గమమ్, నికోమీడియా నగరాలకు అగస్టస్ అనుమతి ఇచ్చాడు. కాకపోతే తన పేరు ఒక్కటే కాకుండా రోమ్ దేవత పేరుతో కలిపి ఉండాలన్నాడు. రోమ్ నగరంలో మాత్రం బతికుండగా తనకు గుడి ఒప్పుకోలేదు. క్రీ.శ. 14లో చనిపోయాక సెనేట్ ఆయన్నూ దేవుణ్ని చేసింది.

ఇక అంకారా. ఈ గుడి దగ్గర మీరూ కాసేపు ఆగండి. ఇప్పటి టర్కీ రాజధాని అంకారా అప్పట్లో అంకైరా, గలేషియా ప్రాంతానికి ముఖ్య నగరం. అక్కడి అగస్టస్-రోమా గుడి గోడలు ఈనాటికీ నిలబడి ఉన్నాయి. తర్వాతి కాలంలో అది చర్చి అయింది. 15వ శతాబ్దంలో దాని గోడకు ఆనుకునే హాజీ బైరామ్ మసీదు కట్టారు. అగస్టస్ తాను చేసిన పనులన్నీ తానే చెప్పుకున్న శాసనం, రెస్ గెస్టే, ఆ గోడల మీదే దొరికింది. ముఖమండపంలో లాటిన్‌లో, బయటి గోడ మీద గ్రీకులో చెక్కారు. రోమ్‌లో ఆయన సమాధి ముందు నిలిపిన అసలు కంచు ప్రతి పోయింది. అంటే రోమ్‌లో మిగలని చక్రవర్తి మాటను ఎక్కడో దూరాన ఉన్న గుడి గోడ కాపాడింది.

ఆ శాసనంలో 31వ భాగం చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. భారతదేశపు రాజుల దగ్గరి నుంచి తనకు తరచుగా రాయబారులు వచ్చారనీ, అంతకుముందు ఏ రోమన్ నాయకుడి దగ్గరా అలాంటివాళ్లు కనిపించలేదనీ అగస్టస్ చెప్పుకున్నాడు. భారతదేశం ఉన్న పటంలో అగస్టస్ గుడి ఉంది, అగస్టస్ గుడి గోడ మీద భారతదేశం ఉంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకున్నాక ఇండో-రోమన్ వ్యాపారం అన్న టాపిక్ నేను మళ్లీ మర్చిపోలేదు.

అదే గుడి మీద పూజారుల జాబితా కూడా ఉంది. ఎవరు ఊరికి విందు పెట్టారు, ఎవరు గ్లాడియేటర్ల పోటీలు జరిపించారు, ఎవరు నూనె పంచారు అన్నీ రాశారు. చక్రవర్తి పూజ అంటే రాజు అహంకారం అని నేను మొదట అనుకున్నాను. ఈ జాబితా చూశాక స్థానిక పెద్దలు ఊళ్లో పరువు కోసం, రోమ్ దగ్గర గుర్తింపు కోసం పోటీపడి మరీ చేసిన పని అని అర్థమైంది.

మన నేలకు ఇది దూరపు సంగతని అనుకోకండి. తెలంగాణలోని అక్కనపల్లిలో అగస్టస్, ఆయన తర్వాతి చక్రవర్తి టైబీరియస్‌ల వెండి నాణేల నిధి దొరికింది. భారతదేశంలో ఎక్కువగా దొరికే టైబీరియస్ వెండి నాణెం మీద ఆయన పేరుతో పాటు "దేవుడైన అగస్టస్ కొడుకు" అని లాటిన్‌లో ఉంటుంది. మన దగ్గర దాన్ని చదివినవాళ్లు ఉన్నారో లేదో గానీ, ఆ మాట మాత్రం వెండి మీద ఎక్కి దక్కన్ దాకా వచ్చింది.

ఉత్తర భారతాన్ని ఏలిన కుషాణ రాజుల మీద వచ్చే ప్రశ్నకూ ఇది పనికొస్తుంది. దేవపుత్ర బిరుదు, మథుర దగ్గర మాట్‌లోని దేవకులం (రాజుల విగ్రహాలు నిలిపిన గుడి), 1993లో బయటపడిన రబాటక్ శాసనంలో దేవతల విగ్రహాలతో పాటు రాజుల విగ్రహాలూ చేయించమన్న కనిష్కుడి ఆజ్ఞ, ఆరా శాసనంలో "కైసర" (అంటే సీజర్) బిరుదు. వీటిని రోమ్‌తో పోల్చి రెండు వాక్యాలు రాయండి. రోమ్‌ను చూసే కుషాణులు ఇది చేశారని మాత్రం తేల్చేయకండి, ఇరాన్ వైపు సంప్రదాయాల ప్రభావం కూడా వాళ్ల మీద ఉంది.

ఇప్పుడు అసలు చిక్కు. ముజిరిస్‌లో గుడి నిజంగా ఉందా? ముజిరిస్ అని ఎక్కువమంది గుర్తిస్తున్న పట్టనం గ్రామంలో 2007 నుంచి తవ్వకాలు జరిగాయి. మధ్యధరా ప్రాంతపు ఆంఫోరా జాడీల పెంకులు బోలెడు దొరికాయి. గుడి దొరకలేదు. అక్కడ స్థిరపడిన రోమన్ ప్రజలైన వర్తకులు కట్టుకున్నారని కొందరు చరిత్రకారులంటారు. స్థానిక గుడినే పటం గీసినవాళ్లు అలా అనుకున్నారని ఇంకొందరి మాట. నేను రెండో అటెంప్ట్‌కు తయారవుతూ చేసిన పెద్ద తప్పు ఇక్కడే. ఉత్సాహం ఆపుకోలేక "ముజిరిస్‌లో అగస్టస్ ఆలయం ఉండేది" అని రాసేశాను. అదే ఎర్ర పెన్ను, అదే ప్రశ్న. అప్పటినుంచి నోట్స్‌లో ప్రతి విషయానికీ "పటం చెప్పేది", "తవ్వకం చెప్పేది", "ఊహ" అని మూడు గుర్తులు పెట్టుకున్నాను.

ఇలా ప్రతి చోటుకూ పది రోజులు పెట్టలేం. నేను ఐదు చోట్లకే పెట్టాను, మిగతావి మామూలుగా చదివాను. ముజిరిస్‌కు ఆ సమయం దండగ కాలేదని గట్టిగా చెప్పగలను. ఇప్పుడు నా నోట్స్‌లో దాని ఎదురుగా ఉన్నది ఇది (పెరిప్లస్ గ్రీకులో రాసిన సముద్ర వ్యాపార గ్రంథం, ప్లినీ రోమన్ రచయిత, అకనానూరు సంగం కాలపు తమిళ కవితల సంకలనం, వియన్నా పాపిరస్ ముజిరిస్ సరుకు గురించిన పాత పత్రం, ప్యూటింగర్ పటం అంటే పైన చెప్పిన టాబులాయే, యవనులంటే గ్రీకు-రోమన్ వాళ్లు):

"కేరళలో పెరియార్ నదీముఖం దగ్గరి చేర రేవు, పట్టనం గ్రామంగా గుర్తింపు. పెరిప్లస్, ప్లినీ, అకనానూరు, వియన్నా పాపిరస్‌లలో ప్రస్తావన. తవ్వకాల్లో ఆంఫోరా పెంకులు. ప్యూటింగర్ పటంలో అగస్టస్ గుడి, తవ్వకాల్లో దొరకలేదు, యవన వర్తకుల నివాసానికి సూచన కావచ్చు."