నా మణికట్టులో రెండు పాయలు

మణికట్టు ఆపరేషన్ కుట్లు విప్పి నాలుగు రోజులైంది. కుడిచేత్తో రాయగలుగుతున్నాను కాబట్టి, కోపం చల్లారకముందే ఇది రాసేస్తున్నాను.

తెనాలిలో 28 ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. ఇన్నేళ్లలో పట్టుబట్ట ఒక్కటి కూడా నా కత్తెర కింద పాడవలేదు, మా వీధిలో ఎవరినైనా అడగండి. అలాంటిది నిరుడు శ్రావణమాసం పెళ్లిళ్ల రద్దీలో కత్తెర చేతిలోంచి జారడం మొదలుపెట్టింది. రాత్రి రెండింటికి చెయ్యి మొద్దుబారి మెలకువ వచ్చేది. లేచి కూర్చుని, తడిబట్ట దులిపినట్టు చెయ్యి దులిపితే గానీ స్పర్శ తెలిసేది కాదు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలిలో సగం ఇలా అయ్యేవి. చిటికెనవేలు మాత్రం తనకేమీ పట్టనట్టు హాయిగా ఉండేది.

మొదటి డాక్టరు బలానికి మాత్రలు రాశారు. రెండోసారి వెళితే, చేత్తో తడిమి చూసి మణికట్టులో ఇంజెక్షన్ వేసేస్తానన్నారు. భయపడి వచ్చేశాను. పిరికితనం కూడా అప్పుడప్పుడు మేలు చేస్తుంది.

గుంటూరులో చేతి ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ దగ్గర షుగరు, థైరాయిడ్ పరీక్షలు మామూలుగానే వచ్చాయి. నరాల పరీక్షలో చిన్న చిన్న కరెంటు షాకులు ఇస్తారు, ఓర్చుకోవచ్చు. మణికట్టు దగ్గర మధ్య నరం నలుగుతోందని తేలింది. ఆపరేషన్‌కు ముందు అల్ట్రాసౌండ్ స్కాన్ తీయించుకు రమ్మన్నారు.

ఆ స్కాన్ సెంటరు గురించి చెప్పాలి. దిండు మీద అరచెయ్యి వెల్లకిలా పెట్టించి, చల్లటి జిగురు పూసి, ఆ డాక్టరు మణికట్టు మీద పరికరాన్ని కిందికీ పైకీ జరుపుతూ ఒకచోట ఆగారు. తెర మీద నల్లగా రెండు మచ్చలు. ఏదో మీట నొక్కగానే వాటి మధ్య ఎర్రటి చుక్క ఒకటి టక్కుటక్కుమని కొట్టుకోవడం కనిపించింది. ఆయన ముఖం వెలిగిపోయింది. బయటికి కేకేసి ఇద్దరు కుర్ర డాక్టర్లను పిలిచారు. ముగ్గురూ నా చేతి మీదికి వంగి, ఇంగ్లీషులో మాట్లాడుకుంటూ, ఫొటోలు తీసుకుంటూ, ముంజేయి దాకా వెళ్లి కొలతలు తీసుకుంటూ అరగంట గడిపారు. సంతలో ఎద్దు పళ్లు చూసినట్టే. "ఏమైందండీ?" అని మూడుసార్లు అడిగాను. మూడోసారి, "మీ డాక్టరు గారు చెబుతారమ్మా, చెయ్యి కదపకండి" అన్నారు. జిగురు తుడుచుకోవడానికి అరచేతిలో సగం కూడా లేని కాగితం ముక్క ఇచ్చారు. మీరు వెళ్లేటప్పుడు తువ్వాలు పట్టుకెళ్లండి.

కౌంటరు దగ్గర పిల్ల రిపోర్టు చదివి, అక్కడున్న జనమంతా వినేలా "నరం రెండుగా చీలిపోయిందట ఆంటీ, పుట్టుకతోనేనట" అంది. డాక్టరమ్మ ఊళ్లో లేరు. మూడు రోజులు ఆ మాటతోనే గడిపాను.

ఇంట్లో మా అత్తగారు ఊరుకుంటారా? "మీ అమ్మ నిన్ను కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం నాడు కత్తిపీట ముట్టుకుని ఉంటుంది. పెదవికి రావలసిన మొర్రి నరానికి వచ్చింది" అని తేల్చేశారు. అది మా అమ్మ చెవిన పడింది. డెబ్బై రెండేళ్ల మనిషి ఫోనులో ఏడ్చింది. "ఆ రోజు నేను మంచం మీద అటు నుంచి ఇటు కూడా తిరగలేదే, నీళ్లు కూడా ముట్టుకోలేదే" అని. నా చెయ్యి నొప్పి నేను మరిచిపోయాను.

నాలుగో రోజు డాక్టరమ్మ రిపోర్టు చూసి నవ్వేశారు. "చీలిక కాదు, పాయలు. జడపాయల్లాగా" అన్నారు. తల్లి కడుపులో మొదటి వారాల్లో అరచేతికి రక్తం మోసేది ముంజేయి మధ్యలో ఈ నరం వెంట నడిచే రక్తనాళమట. ఎనిమిదో వారం ప్రాంతంలో అటూ ఇటూ ఉన్న పెద్ద నాళాలు ఆ పని అందుకోగానే ఇది తప్పుకోవాలి. కొందరిలో తప్పుకోదు. అలాంటి వాళ్లలో నరం ఒక్కోసారి రెండు పాయలై దాన్ని మధ్యలో పెట్టుకుని నడుస్తుంది. జబ్బు కాదు, చాలామందికి ఉన్నట్టే తెలియదు. 2020లో ఆస్ట్రేలియా పరిశోధకులు లెక్కతీస్తే 1880ల్లో పుట్టినవాళ్లలో నూటికి పదిమందికి ఈ నాళం మిగిలి ఉంటే, ఇరవయ్యో శతాబ్దం చివర్లో పుట్టినవాళ్లలో ముప్ఫై మందికి ఉందట. అంటే నేను లోపం ఉన్న సరుకును కాదు, కొత్త రకాన్ని. ఈ మాట మా అత్తగారికి రెండుసార్లు వినిపించాను.

అసలు బాధ ఇరుకుతో. మణికట్టులోని ఆ సొరంగంలో వేళ్లను కదిపే తాళ్లలాంటి తొమ్మిది స్నాయువులు, ఒక నరం పోవాలి. లంగా బొందు దూర్చే పట్టీలో పది బొందులు దూర్చినట్టు. నరం ఉబ్బితే నలుగుతుంది. ఎంత ఉబ్బిందో తెలియాలంటే, రెండు పాయలున్నవాళ్లకు వాటి వైశాల్యాలు కలిపి, ముంజేతిలోని కొలతతో పోల్చాలి. నాకు ముంజేతిలో 9 చదరపు మిల్లీమీటర్లు, మణికట్టులో 15. ఆ ముగ్గురూ అరగంట కొలిచింది ఇదేనన్నమాట! అది నాకు తెలుగులో చెప్పి ఉంటే వాళ్ల సొమ్మేం పోయేది?

రక్తనాళం అక్కడుందని ముందే తెలిసింది కాబట్టి కెమెరా గొట్టంతో కాకుండా, అరచేతిలో చిన్న గాటు పెట్టి, కంటితో చూస్తూ ఆ సొరంగం పైపట్టీ కోస్తామన్నారు. ఇంజెక్షన్ వేయించుకునేవాళ్లు కూడా స్కాన్‌లో చూస్తూ వేయమని అడగండి, మొహమాటపడకండి.

ఆపరేషన్ చెయ్యి వరకే మత్తిచ్చి చేశారు, సాయంత్రానికి ఇంట్లో ఉన్నాను. మొదటి రాత్రి నుంచే మెలకువ రాలేదు. చేతికి పట్టు మాత్రం ఇంకా రాలేదు. నిన్న ఒక జాకెట్టుకు హుక్కులు కుట్టాను, కత్తెర ఇంకా ముట్టుకోలేదు.

అమ్మ వచ్చినప్పుడు స్కాన్ బొమ్మ చూపించాను. అద్దాలు పెట్టుకుని, రెండు మచ్చల మధ్య వేలు పెట్టి, "ఇదేనా, పోకుండా ఉండిపోయింది?" అంది. అవునన్నాను. పక్క గదిలోకి వినపడేలా రిపోర్టు చదవమంది.

ఎడమచేతికి వచ్చే వారం స్కాన్. వేరే సెంటరులో. తువ్వాలు సంచిలో పెట్టుకున్నాను.