ఊర్లో వదిలిపెడితే బాగుపడతాడంట

"పిల్లోన్ని ఆర్నెల్లు నా దగ్గరికి పంపించమ్మా, తోటలో పని చేపిస్తా, ఇంత సంగటి తింటాడు, ఆ పాడు అలవాటు అదే పోతుంది." ప్రొద్దుటూరులో పెండ్లికి పోయినప్పుడు మా చిన్నాయన అన్న మాట ఇది. డల్లాస్‌లో మా తెలుగువాళ్లు కూడా అంతే, ఎవరి పిల్లోడు చెడిపోయినా ముందు ఇండియా టికెట్ గురించే మాట్లాడతారు. ప్రేమతోనే అంటారు, కాదనను. కానీ నేను పంపను.

మావాడిది నొప్పి మాత్రల వ్యసనం. బయట అమ్మే ఆ మాత్రలు చూడ్డానికి అచ్చం మందుల షాపువే, లోపల చాలాసార్లు ఫెంటానిల్ అనే చాలా బలమైన నొప్పి మందు ఉంటుంది, అది 2 మిల్లీగ్రాములు కూడా ప్రాణం తీయొచ్చు. మా ఊరోళ్లు దీన్ని సారాయితో సమానంగా లెక్కేస్తారు, నాలుగు రోజులు దూరంగా పెడితే చాలనుకుంటారు. కొన్ని నెలలు మానేస్తే ఒంటికి ఆ మందును తట్టుకునే శక్తి తగ్గిపోతుంది, అప్పుడు పాత మోతాదే మళ్లీ వేసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. అంటే తోటలో బుద్ధిగా ఉండి అమెరికాలో దిగినాకే అసలు గండం. ఇది చెప్తే చిన్నాయన ఇంక తోట మాట ఎత్తలేదు.

ఇప్పుడు వాడు బ్యుప్రెనార్ఫిన్ వాడుతున్నాడు, నాలుక కింద పెట్టుకునే మందు. "ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తా?" అంది అక్క. ఇదీ ఆ జాతి మందే, కానీ దీని ప్రభావం ఒక హద్దు దాటి పెరగదు, తహతహ తగ్గిస్తుంది, ఇది వాడేవాళ్లలో చావులు తక్కువ. అమ్మ మాత్రం ఏమీ అడక్కుండా కడప పెద్ద దర్గాకు పోయి తాయెత్తు తెచ్చింది. మందు ఆపమననంతవరకు నాకేం అభ్యంతరం, సూట్‌కేసులో పెట్టుకున్నా.

అమెరికాలో నాకు కష్టమైంది వేరే. వాడికి 18 దాటాయి, వాడు ఒప్పుకుంటేనే డాక్టర్ మాతో మాట్లాడతాడు. మన దగ్గరైతే డాక్టర్ గదిలోకి మేనమామతో సహా అందరం దూరతాం! వాడు నా పేరుకు ఒప్పుకున్నాడు, వాళ్ల నాన్న పేరుకు ఒప్పుకోలేదు. ఆయన ఆ బాధ ఇంకా మింగుతూనే ఉన్నాడు.

ఇంట్లో నార్కాన్ స్ప్రే పెట్టుకున్నాం, ఈ మాత్రలు ఎక్కువై ఊపిరి ఆగిపోతుంటే విరుగుడు అది, అమెరికాలో 2023 నుంచి డాక్టర్ చీటీ లేకుండానే దొరుకుతుంది. ముక్కులో కొట్టి అక్కడి ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్ చేయాలి, దాని పని అయిపోయినాక ఊపిరి మళ్లీ మందగించొచ్చు కాబట్టి లేచి కూర్చున్నాడని వదిలేయకూడదు. పక్కింటి ఆంటీకి కూడా నేర్పించినా. పరువు కోసం దాచిపెట్టుకుంటే నేను ఇంట్లో లేనప్పుడు ఎవరు కొడతారు?

పెండ్లిలో నా మాటలు విన్న ఒకామె చేతులు కడుక్కునే చోట ఆపి, తన కొడుకు గంజాయి సంగతి గొంతు తగ్గించి చెప్పింది. ఆస్పత్రికి తీసుకపోతే పోలీసులు పట్టుకుంటారేమోనని ఆమె భయం. 1985లో వచ్చిన మత్తు మందుల చట్టం (ఎన్‌డీపీఎస్)లో 64ఏ సెక్షన్ ఉంది, అలవాటు పడినవాడి మీద కొద్ది మోతాదు కేసు ఉన్నా తనంతట తాను చికిత్సకు పోయి పూర్తి చేసుకుంటే శిక్ష లేకుండా మినహాయింపు దొరుకుతుంది అని చెప్పి, మత్తు మాన్పించే 14446 హెల్ప్‌లైన్ నంబరు ఇచ్చినా. ఆమె దాన్ని ఫోన్లో "టైలర్" అని సేవ్ చేసుకుంది, వాళ్లాయన చూస్తాడని.